పసుపా... తెలుపా? ఏ గదికి ఏ వెలుగు!

'మేడమ్... వామ్ పెట్టాల్నా, కూల్ పెట్టాల్నా?'

నిచ్చెనెక్కిన ఎలక్ట్రీషియన్ చేతిలో బల్బు పట్టుకుని అడిగే ప్రశ్న ఇది. సరిగ్గా అప్పుడే ఇంట్లో తలో మాటా మొదలవుతుంది. 'తెల్లగా, ధగధగలాడేవి పెట్టు బాబూ' అంటారు ఇంటాయన. 'అబ్బ... ఆస్పత్రిలా ఉంటుంది నాన్నా, పసుపువే బాగుంటాయి' అంటుంది అమ్మాయి. 'ఏదైనా సరే, నాకు పేపరు కనిపిస్తే చాలు' అంటుంది నానమ్మ. ఎలక్ట్రీషియన్‌కేమో ఇంకో ఇంటికి వెళ్లే తొందర. చివరికి సంచిలో ఏ రకం ఎక్కువుంటే అదే ఇల్లంతా బిగించేసి వెళ్లిపోతాడు.

ఒకప్పుడైతే పోనీలే అనుకోవచ్చు. ఫిలమెంట్ బల్బు ఏడాది తిరక్కుండానే మాడిపోయేది. ఎల్‌ఈడీ అలా కాదు. డబ్బా మీద 15 వేల గంటల ఆయుష్షు అని రాసి ఉంటే, రోజుకు ఐదు గంటల చొప్పున వాడినా ఎనిమిదేళ్లు. అంటే ఇవాళ ఆరో తరగతి చదువుతున్న పిల్లాడు డిగ్రీకి వచ్చేదాకా ఆ వెలుగులోనే చదవాలి, ఆ వెలుగులోంచే నిద్రలోకి జారుకోవాలి. కాబట్టి ఎలక్ట్రీషియన్ అడిగే ఆ ఒక్క ప్రశ్నకు కాస్త ఆలోచించి జవాబు చెప్పడం మంచిది.

కొలిమి చెప్పే లెక్క

బల్బు డబ్బాను ఓసారి తిప్పి చూడండి. 2700, 3000, 4000, 6500... వీటిలో ఏదో ఒక అంకె, పక్కనే 'కె' అన్న అక్షరం కనిపిస్తాయి. కె అంటే కెల్విన్. 1848లో ఉష్ణోగ్రతకు కొత్త కొలమానాన్ని ప్రతిపాదించిన విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యారు. ఆయన పేరే ఈ కొలతకు పెట్టారు.

మరి వేడిని కొలిచే లెక్కకూ వెలుగు రంగుకూ ఏమిటి సంబంధం? కమ్మరి కొలిమిని గుర్తు తెచ్చుకోండి. ఇనుప కడ్డీని నిప్పుల్లో పెడితే మొదట ఎర్రబడుతుంది. ఇంకాస్త కాలితే నారింజ, ఆ తర్వాత పసుపు, బాగా కాలితే తెలుపు. అంతకన్నా వేడెక్కే నక్షత్రాలైతే నీలంగా మెరుస్తాయి. అంటే వేడిని బట్టి వెలుగు రంగు మారుతుందన్న మాట. దీపం వత్తి వెలుగు సుమారు 1900 కెల్విన్. పాత ఫిలమెంట్ బల్బు 2700. మిట్టమధ్యాహ్నపు ఎండ 5500 ప్రాంతం. మబ్బు పట్టిన పగటి వెలుగు 6500.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. అంకె పెరిగేకొద్దీ వేడి పెరగాలి కదా... మరి 6500 బల్బును 'కూల్' అనీ, 2700 బల్బును 'వామ్' అనీ అంటారేం? ఆ పేర్లు వేడిని చూసి పెట్టినవి కావు, మన మనసును చూసి పెట్టినవి. నిప్పు ఎర్రన కాబట్టి ఆ ఛాయ చూస్తే వెచ్చగా, నీలి ఛాయ చూస్తే చల్లగా అనిపిస్తుంది. అంతేతప్ప 6500 బల్బు పెడితే గదేమీ చల్లబడదు. ఎల్‌ఈడీ లోపల నిజంగా అన్ని వేల డిగ్రీల వేడీ ఉండదు. అంత వేడి వస్తువు ఏ రంగులో వెలుగుతుందో ఆ రంగును పోలిన వెలుగు ఇస్తుందని మాత్రమే ఆ అంకెకు అర్థం.

తెల్లగా ఉంటే ఎక్కువ వెలుగా?

'పసుపు బల్బు పెడితే గుడ్డి వెలుగు వస్తుంది.' మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఇది. దానికి కారణమూ ఉంది. అరవై వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగు సుమారు 700 ల్యూమెన్లు. ఆ తర్వాత వచ్చిన నలభై వాట్ల ట్యూబ్‌లైటు అంతకు మూడు రెట్లకు పైనే ఇచ్చేది. పసుపు బల్బు పోయి తెల్లటి ట్యూబ్‌లైటు వచ్చిన రోజు ఇల్లు నిజంగానే వెలిగిపోయింది. దానికితోడు సాయంత్రమైతే ఓల్టేజీ పడిపోవడం, ఫిలమెంట్ ఎర్రగా మూలగడం... ఆ రోజులు పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. అలా తెలుపంటే కాంతి, పసుపంటే చీకటి అని మనసులో ముద్ర పడిపోయింది.

ఎల్‌ఈడీల కాలంలో ఆ లెక్క చెల్లదు. నీలి కాంతినిచ్చే ఎల్‌ఈడీని కనిపెట్టినందుకు జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. మన ఇంటి బల్బు లోపల ఉండేది ఆ నీలి వెలుగే. దాని మీద పసుపు ఛాయ పూత వేస్తే మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. పూత పాళ్లు మార్చి వామ్ కావాలంటే వామ్, కూల్ కావాలంటే కూల్ తయారుచేస్తారు. ఒకే కంపెనీ తొమ్మిది వాట్ల బల్బుల్లో ఈ రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ల్యూమెన్లలో తేడా ఉన్నా అది స్వల్పమే.

కాబట్టి రెండు అంకెలను విడివిడిగా చూడాలి. ఎంత వెలుగు కావాలో చెప్పేది ల్యూమెన్లు. ఎలాంటి వెలుగు కావాలో చెప్పేది కెల్విన్లు. గది చీకటిగా ఉందనిపిస్తే పెంచాల్సింది ల్యూమెన్లను. చాలామంది కెల్విన్లను పెంచేస్తారు. గది తెల్లబడుతుంది కానీ, అక్షరాలు మాత్రం అంతకుముందు ఎలా కనిపించాయో అలాగే కనిపిస్తాయి.

మన దగ్గర తెలుపు ఇంతగా స్థిరపడటానికి ఎల్‌ఈడీలు చవకై ఇంటింటికీ చేరడమూ తోడైంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను దెబ్బతీసిన తర్వాత విశాఖలో దాదాపు 90 వేల వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. 2015 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన పథకం 'ఉజాలా' కింద దేశమంతటా 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. 2014 మొదట్లో రూ.310 ఉన్న బల్బు సేకరణ ధర 2016 నాటికి రూ.38కి దిగింది. కరెంటు బిల్లు తగ్గింది, సంతోషమే. ఏ గదికి ఏ రంగు అన్న ఆలోచనకు మాత్రం ఆ హడావుడిలో చోటు దక్కలేదు.

రాత్రి తొమ్మిది తర్వాత ఏం జరుగుతుంది?

రంగు ఏదైతే ఏముందిలే అనిపించవచ్చు. అందం సంగతి అటుంచండి. అసలు విషయం నిద్ర.

కంట్లో చూపు కోసం పనిచేసే కణాలు కాక, ఇప్పుడు పగలా రాత్రా అన్నది మెదడుకు చేరవేసే కణాలు వేరే ఉన్నాయి. అవి స్వయంగా వెలుతురును పసిగడతాయని 2002లో శాస్త్రవేత్తలు తేల్చారు. నీలి ఛాయ వెలుగుకు ఇవి ఎక్కువగా స్పందిస్తాయి. సాయంత్రం పొద్దువాలి ఆకాశం ఎర్రబడి, చీకటి పడుతుంటే శరీరం మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేయడం మొదలుపెడుతుంది. అది నిద్రకు సన్నాహం. ఆ వేళకు నెత్తిన 6500 కెల్విన్ల ట్యూబ్‌లైటు వెలుగుతూ ఉంటే మెదడుకు 'ఇంకా పగలే' అన్న కబురు వెళుతుంది. సన్నాహం వెనక్కి జరుగుతుంది.

అలాగని ఎల్‌ఈడీలు కళ్లు పాడుచేస్తాయని భయపడక్కర్లేదు. మామూలుగా వాడుకునే ఎల్‌ఈడీలతో ఆరోగ్యవంతులకు నేరుగా హాని జరుగుతుందనడానికి ఆధారాల్లేవని ఐరోపా కమిషన్ శాస్త్రీయ కమిటీ 2018లో చెప్పింది. చిక్కల్లా వేళ కాని వేళ తెల్ల వెలుగుతోనే. రంగొక్కటే చూసినా సరిపోదు. వామ్ బల్బులే కదా అని ఆరు వెలిగిస్తే అదీ ఎక్కువే. రాత్రయ్యేకొద్దీ వెలుగు తగ్గాలి, పసుపు ఛాయలోకి మారాలి. సాయంత్రపు ఆకాశం చేసేది అదే కదా.

విద్యానగర్ ఫ్లాటులో...

విద్యానగర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటొకటి ఊహించుకుందాం. భార్యాభర్తలు, ఇంటర్ చదివే అమ్మాయి, గ్రూప్స్‌కు సిద్ధమవుతున్న అబ్బాయి, శుక్లాల ఆపరేషన్ అయిన నానమ్మ. ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇంకో పక్క కోచింగ్ సెంటర్ల అశోక్‌నగర్, పోటీ పరీక్షల అభ్యర్థులతో కిటకిటలాడే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. ఈ చుట్టుపక్కల అర్ధరాత్రి దాకా లైటు వెలిగే ఇళ్లు ఎక్కువే. పక్క అపార్ట్‌మెంటు గోడ అడ్డం వచ్చి పగలు కూడా లైటు వేసుకోవాల్సిన గదులూ తక్కువేం కాదు. ఇలాంటి ఇంట్లో ఒకే రంగు బల్బులు అందరికీ ఎలా సరిపోతాయి? ఒక్కో గదీ చూద్దాం.

హాలు: మన హాలు ఒక్క పనికి పరిమితం కాదు. పొద్దున పేపరు, మధ్యాహ్నం పప్పులు బాగుచేయడం, సాయంత్రం పిల్లల హోంవర్కు, రాత్రి టీవీ, ఆ తర్వాత ఎవరో ఒకరి పడక. అందుకే ఇక్కడ రెండు స్విచ్చులు కావాలి. పనివేళకు 4000 కెల్విన్ల బ్యాటెన్ ఒకటి, భోజనాలయ్యాక వేసుకోవడానికి 2700 లేదా 3000 బల్బు ఒకటి. ఫాల్స్ సీలింగ్ ఉంటే దాని అంచుల్లో దాగి ఉండే లైట్లకు వామ్ బాగుంటుంది. కొత్తగా వైరింగ్ చేయించే వీల్లేకపోతే స్విచ్చి ఆపి వేసినప్పుడల్లా రంగు మారే 'త్రీ ఇన్ వన్' బల్బులు దొరుకుతున్నాయి. ఉన్న హోల్డర్‌కే అవి సరిపోతాయి.

చదువుకునే బల్ల: ఇక్కడ 4000 నుంచి 5000 కెల్విన్లు మంచివి. అంతకన్నా ముఖ్యం వెలుగు పుస్తకం మీద పడటం. ఓ చిన్న లెక్క. పదడుగులకు పదకొండడుగుల గది అంటే సుమారు పది చదరపు మీటర్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ ఇచ్చే రెండు వేల ల్యూమెన్లలో దాదాపు సగం గోడలకూ కప్పుకూ పోతాయనుకుంటే, పుస్తకం మీద పడేది సుమారు 100 లక్స్. చదువుకు 300 నుంచి 500 లక్స్ ఉండాలంటారు. ఆ లోటు టేబుల్ ల్యాంపుతోనే తీరుతుంది. కుడిచేతి వాటం పిల్లలకు ల్యాంపు ఎడమవైపు పెట్టండి, చేతి నీడ అక్షరాల మీద పడదు. గదిలో లైటు పూర్తిగా ఆపేసి ల్యాంపొక్కటే వేసుకుంటే కళ్లు త్వరగా అలసిపోతాయి. వెనకాల ఓ చిన్న బల్బయినా వెలగాలి.

అద్దె గది: అశోక్‌నగర్‌లో ముగ్గురు కుర్రాళ్లు కలిసి ఉండే గదిలో ఇద్దరికి నిద్ర, ఒకరికి చదువు. నడినెత్తిన ట్యూబ్‌లైటు వేస్తే ముగ్గురికీ ఇబ్బందే. పుస్తకం వరకే వెలుగు పడేలా, తల వంచుకునే ల్యాంపు ఒకటి కొనుక్కోండి. పొద్దున చదివేటప్పుడు తెల్ల వెలుగు ఎంతైనా మంచిదే, మగత వదిలిస్తుంది. పడుకోవడానికి గంట ముందు మాత్రం వామ్‌కు మారండి. రాత్రి చదివింది తలకెక్కాలంటే నిద్ర పట్టాలి. ఆ పిల్లల విషయంలో బల్బు రంగు మార్కుల దాకా వెళ్లే సంగతి.

వంటిల్లు: గదికి 4000 బ్యాటెన్ సరిపోతుంది. అసలు సమస్య వేరే చోట ఉంది. లైటు మన వీపు వెనక ఉంటే కత్తిపీట మీద మన నీడే పడుతుంది. పైనున్న అల్మరా అడుగున ఓ సన్నటి లైటు బిగిస్తే వెలుగు నేరుగా వంటగట్టు మీద పడుతుంది. బియ్యంలో రాయి, పప్పులో పురుగు, తాలింపు ఎర్రబడిన క్షణం అన్నీ కనిపిస్తాయి.

పడగ్గది: పెద్ద లైటుకు 2700 లేదా 3000. చాలా ఇళ్లలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పడుకునే గదిలో ఆఫీసు వెలుగు పెట్టుకుంటారు. బీరువాలో చీర రంగు సరిగ్గా తెలియడం లేదంటే బీరువా దగ్గర వేరే లైటు, దానికి వేరే స్విచ్చి పెట్టించుకోండి. బెడ్‌ల్యాంపు నీలం, ఆకుపచ్చ రంగుల్లో కాకుండా ఎరుపు, నారింజ ఛాయలో ఉంటే మేలు. ఇక కిటికీలోంచి పడే వీధి దీపం సంగతి. హైదరాబాద్‌లో 2017-18లో సోడియం దీపాల స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి. ఒకప్పటి నారింజ వెలుగు పోయి తెల్ల వెలుగు మంచం దాకా వస్తోంది. వీధి దీపాలు 3000 కెల్విన్లు దాటకుండా ఉంటే మంచిదని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లోనే సూచించింది. వీధి దీపాన్ని మనం మార్చలేం. మందపాటి పరదా వేసుకోవడం మన చేతిలో పనే.

నానమ్మ గది: ఇంట్లో అందరికన్నా ఎక్కువ వెలుగు కావాల్సింది ఆవిడకే. ఇరవై ఏళ్ల కుర్రాడి కంటి లోపలికి చేరే వెలుతురులో అరవై ఏళ్ల కంటికి చేరేది సుమారు మూడో వంతే. వయసుతో కంటిపాప కుంచించుకుపోతుంది, కటకం పసుపుబారుతుంది. ఆవిడ 'చీకటిగా ఉందిరా' అంటే 'అంత లైటుంటే చీకటేమిటి' అని విసుక్కోకండి. ఆవిడకు నిజంగానే చీకటి. గదిలో ల్యూమెన్లు పెంచండి, కుర్చీ పక్కన 4000 ల్యాంపు పెట్టండి. శుక్లాల ఆపరేషన్ అయిన కొత్తలో తెలుపు మరీ నీలంగా కనబడి ఇబ్బంది పెడుతుంది. అప్పుడు 6500 తీసేసి 3000 వేస్తే హాయిగా ఉంటుంది. రాత్రి బాత్‌రూమ్‌కు వెళ్లే దారిలో మోకాలి ఎత్తున చిన్న వామ్ లైటు తప్పనిసరి. అడుగు కనిపిస్తే పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. వెలుగు కళ్లలోకి కొట్టదు కాబట్టి తిరిగి వచ్చాక నిద్రా పడుతుంది.

పూజగది: దీపం వెలుగు 1900. దాని పక్కన 6500 బల్బు పెడితే దీపం వెలవెలబోతుంది, ఇత్తడి కుందులు పాలిపోతాయి. 2700 బల్బు, అదీ చిన్నది చాలు.

అద్దం దగ్గర: మొహం సరిగ్గా కనిపించాలంటే 4000. లైటు నడినెత్తిన కాకుండా అద్దానికి పైనో, రెండు పక్కలో ఉండాలి. లేదంటే కళ్ల కింద నీడలు పడి, లేని నలుపు కనిపిస్తుంది.

కొనేటప్పుడు...

కోఠి ట్రూప్‌బజార్‌కి వెళ్లినా, వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులో కొన్నా మాటల మీద ఆధారపడకండి. 'కూల్ వైట్' అని ఒక కంపెనీ 4000కు రాస్తే, ఇంకో కంపెనీ 6500కు రాస్తుంది. 'నేచురల్', 'న్యూట్రల్', 'డే లైట్'... ఇలా పేర్లు బోలెడు. అంకె అడిగి కొనండి. 

డబ్బా మీద చూడాల్సిన ఇంకో సంగతి సీఆర్‌ఐ. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే మార్కులివి. పాత ఫిలమెంట్ బల్బుకు దాదాపు నూటికి నూరు. మామూలు ఎల్‌ఈడీలకు 80 ప్రాంతం. వంటింటికీ, అద్దానికీ, బీరువాకూ 90 ఉన్నవి దొరికితే పది రూపాయలు ఎక్కువైనా తీసుకోండి. ఇంట్లోనే పరీక్షించాలంటే కుంకుమ భరిణె ఆ బల్బు కింద పెట్టండి. ఎరుపు నిండుగా కనిపించాలి. ఇటుకరాయి రంగులోకి దిగిపోయిందంటే ఆ వెలుగు అంతంత మాత్రమే.

మరో పరీక్ష. మొబైల్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి వెలుగుతున్న బల్బును వీడియో తీయండి. వీడియోలో బల్బు టపటపా కొట్టుకుంటుంటే మన కంటికి తెలియని అదురు అందులో ఉన్నట్టు. కొందరికి తలనొప్పి తెప్పించేది అదే. చదువు బల్లకు అలాంటిది వద్దు. బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16102 అన్న సంఖ్య ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

డజను ఒకేసారి కొనేయకండి. గదికొకటి చొప్పున తెచ్చి, చీకటిపడ్డాక వెలిగించి చూడండి. గోడ రంగు కూడా వెలుగును మార్చేస్తుంది. మీగడ రంగు గోడ మీద 6500 పాలిపోయినట్టు ఉంటుంది. లేత నీలం గోడ మీద 2700 మసకేసినట్టు ఉంటుంది. ఒకే వరసలో పక్కపక్కన వెలిగే బల్బులు మాత్రం ఒకే కంపెనీవి, ఒకే అంకెవి ఉండాలి. లేదంటే అతుకుల బొంతలా కనిపిస్తుంది.

ఒక్క చూపులో

* పూజగది, పడగ్గది, రాత్రి దారి లైట్లు: 2700 - 3000
* హాలు: 4000 ఒకటి, 2700 లేదా 3000 ఒకటి, వేర్వేరు స్విచ్చులు
* వంటిల్లు, అద్దం, బీరువా: 4000, సీఆర్‌ఐ 90 అయితే మేలు
* చదువు బల్ల: 4000 - 5000 టేబుల్ ల్యాంపు, గదిలో మరో చిన్న లైటు
* పగలు వెలుతురు రాని గది: పగటి వాడకానికి 5000 - 6500, రాత్రికి వేరే వామ్ బల్బు
* పెద్దవాళ్ల గది: ముందు ల్యూమెన్లు పెంచండి, రంగు ఆ తర్వాత

కొత్తగా ఏమీ కొనకుండా కూడా ఈ పని మొదలుపెట్టవచ్చు. బాల్కనీలోనో, మెట్ల దగ్గరో, షోకేసులోనో ఓ వామ్ బల్బు ఉండే ఉంటుంది. స్విచ్చి ఆపి, బల్బు చల్లారాక దాన్ని తీసి పడగ్గదిలో పెట్టండి. పడగ్గదిలోని తెల్లబల్బును బట్టలుతికే చోటికి మార్చండి. హోల్డర్ ఒకటే కాబట్టి ఐదు నిమిషాల పని. వారం రోజులు చూడండి. పిల్లలు ఎన్నింటికి నిద్రపోతున్నారో, నానమ్మ ఏమంటోందో గమనించండి. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి 'వామా, కూలా' అని అడిగితే, ఏ గదికో చెప్పమని ఎదురు ప్రశ్న వేయండి.